మూడు నెలల కొలువుతో లెక్క ముగించవద్దు

సంపాదకులకు నమస్కారం.

గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణనిచ్చి కొలువు చూపించే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. వయోపరిమితి 15 నుంచి 35 ఏళ్లు కాగా, మహిళలకు, దివ్యాంగులకు 45 వరకు సడలింపు ఉంది. లక్ష్యంలో సగం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలన్న నియమమూ మెచ్చదగినదే. నా అభ్యంతరమల్లా మూడు నెలలు పనిలో నిలిస్తే చాలు, ఆ అభ్యర్థిని ఉపాధి పొందినవారి జాబితాలో చేర్చడంపైనే.

ఊరు వదిలి హైదరాబాద్ చేరిన అమ్మాయికి మొదటి జీతం నెల తిరిగితే గానీ అందదు, హాస్టల్ వారేమో అడ్వాన్సు ముందే అడుగుతారు. ఈ ఇబ్బందిని గుర్తించే ఉద్యోగంలో చేరాక కొన్ని నెలలపాటు ఆర్థిక సాయం ఇచ్చే ఏర్పాటు పథకంలో ఉంచారు. అయితే అది తొలి వారంలోనే చేతికందాలి. ఆలస్యంగా వచ్చే సొమ్ము అప్పటికే చేసిన అప్పుకు వడ్డీ కట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. (ఇంటికి తిరిగొచ్చిన పిల్లలను 'నిలదొక్కుకోలేకపోయారు' అనడం మనకు తేలికే.)

జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థలు ఏడాది తర్వాత కూడా ఎందరు పనిలో ఉన్నారో మండలాలవారీగా ప్రకటించాలని, మానివేసిన వారిని మహిళా సమాఖ్యల ద్వారా కారణం అడిగి నమోదు చేయాలని కోరుతున్నాను.

– గ్రామ సమాఖ్య మాజీ సభ్యురాలు, వనపర్తి జిల్లా