ఫైలు కాగితాలకు నంబర్లు మిషన్‌తోనే వేయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైళ్లకు, వాటి నకళ్లకు వరుస పేజీ నంబర్లు వేసే పని ఇప్పటికీ చాలాచోట్ల పెన్సిలుతో, పెన్నుతో, అటెండరు ఓపిక మీద నడుస్తోంది. అదే గదిలో ఉన్న ప్రింటరు ఈ పనిని తప్పు లేకుండా చేయగలదు. గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ, జెరాక్స్ షాపు నడుపుతున్నదాన్ని కాబట్టి, నంబర్లు లేని కాగితాల వల్ల జనం పడే ఇబ్బంది రోజూ చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఈమధ్య తాడికొండ వైపు నుంచి ఒక రైతు తన పొలం ఫైలు కాపీలు తెచ్చారు. సమాచార హక్కు కింద ఒక ఆఫీసు ఇచ్చినవి. ఒక్కో కాగితం మీద రెండు మూడు నంబర్లున్నాయి. మూల మీద పెన్సిలుతో ఒకటి, దాన్ని కొట్టేసి పెన్నుతో ఇంకొకటి, కింద ప్రింటులో ‘పేజ్ 1 ఆఫ్ 2’ అని మరొకటి. పెన్ను నంబర్లు పట్టుకుని పోతే 14 తర్వాత 17 వచ్చింది. ఆఫీసులో అడిగితే ‘నంబరు వేయడంలో పొరపాటు, కాగితాలేం పోలేదు’ అన్నారట. నిజంగానే పొరపాటు కావచ్చు. కానీ ఆ రెండు కాగితాలు ఉన్నాయని ఆయన చూపించలేరు, లేవని ఆఫీసూ చూపించలేదు. మొదటి అప్పీలుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. అందులో కొన్ని రోజులు ఈ లెక్క తేల్చుకోవడానికే పోయాయి. ఆయన టెన్షన్ చూస్తే బాధేసింది.

సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. అందులో 4(1)(ఎ) సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులను క్యాటలాగ్ చేసి, ఇండెక్స్ (ఏ కాగితం ఎక్కడుందో చెప్పే పట్టిక) చేసి ఉంచుకోవాలని చెబుతోంది. పేజీ నంబరు లేని ఫైలుకు ఇండెక్స్ ఎలా రాస్తారు? మన రాష్ట్రంలో నకలుకు పేజీకి 2 రూపాయలు కట్టించుకుంటున్నారు. పేజీల లెక్కన డబ్బు తీసుకున్నప్పుడు, మొత్తం ఎన్ని పేజీలో, చేతిలో ఉన్నది ఎన్నోదో కాగితం మీదే కనబడాలి.

కోర్టు కాగితాలదీ ఇదే గోడు. హైకోర్టులో రిట్ వేయాలంటే అఫిడవిట్ వెనక జతచేసే ఆధారాల కాగితాలు, అంటే మెటీరియల్ పేపర్స్ అన్నిటికీ వరుసగా నంబర్లుండాలి, ఇండెక్స్‌తో సరిపోవాలి. ప్లీడరు గుమాస్తాలు రాత్రి మా షాపులో కూర్చుని సెట్టు తర్వాత సెట్టుకు చేత్తో నంబర్లు వేస్తుంటారు. చివరి నిమిషంలో మధ్యలో ఒక జీవో కాపీ చేర్చమంటే అక్కడి నుంచి ఆఖరుదాకా కొట్టేసి మళ్లీ రాయాల్సిందే. ఒక సెట్టులో 38, ఇంకో సెట్టులో 39 పడితే, వాదన జరిగేటప్పుడు జడ్జిగారు ఒక పేజీ చూస్తుంటారు, ప్లీడరు ఇంకో పేజీ చదువుతుంటారు.

ఇక అసలు పని సంగతి. ‘మా ప్రింటరు ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెడుతోందమ్మా’ అని ఆఫీసుల వాళ్లు నాతో చాలాసార్లు అన్నారు. అది ప్రింటరు తప్పు కాదు. ఏ ప్రింటరుకైనా అప్పుడు పంపిన జాబ్, అంటే ఆ ఒక్క ప్రింటు పని వరకే తెలుసు. నిన్న ఏ నంబరుతో ఆపామో దానికి గుర్తుండదు. లోపల ఒక కౌంటరు ఉంటుంది గానీ అది సర్వీసు లెక్కల కోసం, ఫైలు కోసం కాదు. అందుకని వరుస నంబరు కావాలంటే కాగితాలన్నిటినీ ముందు స్కాన్ చేసి, ఒకే పీడీఎఫ్‌గా కలిపి, ఆ మొత్తం మీద నంబరు ముద్ర వేయించి, ఆ తర్వాత ప్రింటు ఇవ్వాలి. ఫైలులో పాత కాగితాలు 212 వరకు ఉంటే కొత్త వాటికి మొదటి నంబరు 213 అని ఇస్తే చాలు. వర్డ్‌లో టైపు చేసిన ఉత్తరమైతే పేజ్ నంబర్ దగ్గర ‘స్టార్ట్ ఎట్’ అనే గడి ఉంటుంది, అందులో కావలసిన అంకె కొట్టొచ్చు. డబ్బు పెట్టి కొననక్కర్లేని లిబ్రేఆఫీసులోనూ ఈ వీలుంది. ఆఫీసుల్లో ఉండే పెద్ద జెరాక్స్ మిషన్లలో చాలావాటికి స్టాంప్ మెనూలో పేజ్ నంబరింగ్ ఉంటుంది. నకలు తీస్తుండగానే నంబరు పడుతుంది. దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసిన ఆఫీసు నాకు కనబడలేదు.

ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదు. నొక్కగానే నంబరు పడి, చక్రం తిరిగి తర్వాతి అంకెకు వచ్చే ఇనుప నంబరింగ్ మిషన్‌కు ఎడ్విన్ బేట్స్ అనే ఆయన 1890లలోనే అమెరికాలో పేటెంట్లు తీసుకున్నాడు. ఇప్పటికీ పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లలో ఈ పనిని బేట్స్ నంబరింగ్ అనే పిలుస్తారు. కాకపోతే చేతి మిషన్‌తో రెండు కాగితాలు అంటుకుపోతే వరుస తప్పుతుంది. పీడీఎఫ్ మీద పడిన నంబరు ఆ పేజీకే అంటిపెట్టుకుని ఉంటుంది. మధ్యలో కాగితం ఇరుక్కుని మళ్లీ ప్రింటు ఇచ్చినా 57వ పేజీ 57గానే వస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. నంబరును 0005 అని నాలుగు అంకెల్లో వేయాలి. ఉత్త 5 అయితే పక్కన ఒక గీత గీసి 15 చేయడం ఎంతసేపు? ఇంకోటి, కాగితానికి రెండు వైపులా రాత ఉంటే రెండు వైపులా నంబరు పడాలి. సుప్రీంకోర్టు తన దగ్గర దాఖలయ్యే కాగితాలకు 2020 ఏప్రిల్ నుంచి ఏ4 కాగితానికి రెండు వైపులా ప్రింటు వాడాలని చెప్పింది. ఆఫీసుల్లో మాత్రం ముందువైపే నంబరు వేస్తారు. దాంతో వెనకవైపు అధికారి రాసిన ఎండార్స్‌మెంట్‌ను జెరాక్స్ తీయడం మరిచిపోయినా ఎవరికీ తెలియదు.

మన రిజిస్ట్రేషన్ శాఖ చాలాకాలంగా ఈ పద్ధతే పాటిస్తోంది. 1998లో ‘కార్డ్’ పేరుతో అక్కడ కంప్యూటర్లు పెట్టారు. రిజిస్టరైన దస్తావేజు ఏదైనా తీసి చూడండి. ప్రతి షీటు మీద దస్తావేజు నంబరుతో పాటు ‘షీట్ 3 ఆఫ్ 12’ అని ఉంటుంది. అందుకే ఆ 12 షీట్లలో ఒకటి మాయం చేసి ఇదే మొత్తం అని ఎవరూ అనలేరు. అదే పొలం గురించి ఇంకో ఆఫీసులో నడిచే ఫైలుకు ఆ రక్షణ ఎందుకు ఉండకూడదు?

‘ఫైళ్లను కంప్యూటర్‌లోనే నడిపే ఈ-ఆఫీసు ఉంది కదా’ అని కొందరంటారు. పాత ఫైళ్లన్నీ బీరువాల్లో కాగితాలుగానే ఉన్నాయి, జనం చేతికి వచ్చేవీ కాగితాలే. ‘తర్వాత వచ్చే ఉత్తరం మధ్యలో పెట్టాల్సి వస్తే’ అని ఇంకొందరి అనుమానం. మధ్యలో పెట్టనే కూడదు. వచ్చిన తేదీ ప్రకారం చివర చేరాలి.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు నా విన్నపం ఒక్కటే. బయటి మనిషికి ఇచ్చే ప్రతి నకలు సెట్టు మీద, ప్రతి పేజీకీ ఫైలు నంబరు, వరుస నంబరు, మొత్తం పేజీల సంఖ్య ప్రింటులోనే పడాలని సర్క్యులర్ ఇవ్వండి. ముందు సమాచార హక్కు నకళ్లతో మొదలుపెట్టండి. కొత్త మిషన్లు కొనక్కర్లేదు, ఉన్నవాటి మెనూ తెరిస్తే చాలు. నేర్పేవాళ్లు లేరంటే ఆదివారాలు వచ్చి సిబ్బందికి చూపించడానికి నేను సిద్ధం. దానికి ఒక్క రూపాయి కూడా తీసుకోను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.