స్క్రూగేజి పట్టని చేతికి 30కి 30 మార్కులా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాది సింగరాయకొండ. మోటారు వైండింగ్ షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మీ పేపరు రోజూ షాపుకి వస్తుంది, పొద్దున్నే చదివాకే పని మొదలుపెడతాను, కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయి విషయంలో జరిగింది చెప్తాను. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనిపించి రాస్తున్నాను.

మా పాప నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. బాగా చదువుతుంది. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 వచ్చాయి. పరీక్షలైపోయి ఇంటికొచ్చాక ఒకరోజు మధ్యాహ్నం నాకు క్యారియర్ తీసుకుని షాపుకి వచ్చింది. అప్పటికి నేను పాకల వైపు రొయ్యల గుంటల నుంచి వచ్చిన ఏరేటర్ (గుంట నీళ్లకి గాలి అందించే యంత్రం) మోటారు ఒకటి విప్పి పెట్టుకున్నాను. కాలిపోయిన కాయిల్లోంచి ఒక వైరు ముక్క కత్తిరించి, దాని మీద కరెంటు పక్క చుట్టుకి పోకుండా ఆపే ఇనామిల్ పూత కాల్చి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, "దీని మందం ఎంతో చూసి చెప్పమ్మా, ఈలోపు చేతులు కడుక్కుని వస్తా" అని స్క్రూగేజి చేతికిచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆ గేజిని అటూ ఇటూ తిప్పుతూ నిలబడి ఉంది. వైరు ఎక్కడ పెట్టాలో, ఎంతవరకు బిగించాలో, ఏ గీత దగ్గర చదవాలో తెలియలేదు. లీస్ట్ కౌంట్, అంటే ఆ గేజి కొలవగలిగే అతి చిన్న కొలత, ఏంటమ్మా అని అడిగితే మాత్రం టక్కున చెప్పింది, పిచ్‌ని తల స్కేలు మీది విభాగాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది, 0.01 మిల్లీమీటరు అని. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. "మరి ల్యాబ్‌లో చేశారు కదా?" అంటే, "మేమెప్పుడూ పట్టుకోలేదు నాన్నా, రీడింగులు సీనియర్ల రికార్డు చూసి రాసుకున్నాం, పరీక్ష రోజు కూడా అంతే" అంది. అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తప్పు ఆ పిల్లది కాదు. రెండేళ్లు పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటిదాకా కూర్చుని చదివింది. చేతికి పరికరం ఇవ్వాల్సింది పెద్దవాళ్లు.

ఇంత చిన్నదానికి ఉత్తరమా అనుకోకండి. మా పనిలో 22 గేజి రాగి వైరు మందం 0.71 మిల్లీమీటర్లు, 23 గేజిది 0.61. కంటికి రెండూ ఒకటే. కానీ 22 పడాల్సిన చోట 23 చుట్టామంటే వైరు సన్నబడి నిరోధం మూడో వంతుకు పైగా పెరుగుతుంది, అదే కరెంటు పారితే వేడి కూడా ఆ లెక్కనే పెరుగుతుంది, ఇనామిల్ మాడిపోయి కాయిల్ షార్ట్ అవుతుంది. అర్ధరాత్రి ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి గుంటలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది, రైతు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే ఒక వైరుని మూడు చోట్ల కొలుస్తాం. ఇనామిల్ తీయకుండా కొలిస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. స్క్రూగేజికి సున్నా దోషం ఉంటే, అంటే ఏమీ పెట్టకుండా బిగించినా సున్నా చూపించకపోతే, దాన్ని లెక్కలో సరిచేయాలి. ఇదంతా ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ మొదట్లో వచ్చే కొలతల పాఠమే, నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

ఆ పుస్తకాలు నేను మళ్లీ ఇప్పుడు తిరగేశాను. ఎంత గొప్ప చదువు అండీ అది. ఫస్టియర్‌లో గమన నియమాలు, పని, శక్తి, భ్రమణం, గురుత్వాకర్షణ, ద్రవాలు, ఉష్ణం, సెకండియర్‌లో తరంగాలు, కాంతి, విద్యుత్తు, అయస్కాంతత్వం, విద్యుదయస్కాంత ప్రేరణ, ఏసీ కరెంటు, పరమాణువు, కేంద్రకం, చివరికి మన ఫోన్లలో ఉండే సెమీకండక్టర్ల దాకా, పదిహేడేళ్ల పిల్లకి ప్రపంచం ఎలా నడుస్తోందో రెండేళ్లలో చెప్పేస్తారు. ముత్తుకూరు దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, అక్కడ తిరిగే జనరేటర్లూ, కరెంటుని లక్షల వోల్టులకు పెంచి లైన్ల మీద పంపడమూ, మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 వేల వోల్టులు 440 కి దిగడమూ, అన్నీ ఆ సెకండియర్ పుస్తకంలో ఉన్నాయి. వోల్టేజి ఎందుకు పెంచాలంటే, అదే పవర్‌ని ఎక్కువ వోల్టేజిలో పంపితే కరెంటు తగ్గుతుంది, తీగలో వృథా అయ్యే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నష్టం బాగా తగ్గుతుంది. ఇది చదివిన పిల్లలు మన జిల్లాలో వేలమంది ఉంటారు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి రోజూ నడిచి వెళ్తూ ఇది అదేనని ఎంతమందికి తడుతోంది?

నేను తొంభైల్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియంలో ఎంపీసీ చదివాను. ల్యాబ్‌లో నాలుగు బల్లలు, ఒక బీరువా, అందులో సగం పరికరాలు పని చేసేవి కావు. అయినా మా ఫిజిక్స్ సారు ఊరుకునేవారు కాదు. దారానికి గుండు కట్టి లోలకం ఆడించి, 20 డోలనాలకి ఎంత టైం పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి, దారం పొడవు మార్చి మళ్లీ చూసి, దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్క కట్టమనేవారు. ఒకడికి 960 వచ్చేది, ఒకడికి 1010 వచ్చేది. ఎవరికైనా పుస్తకంలో ఉన్నట్టు (సెంటీమీటర్ల లెక్కలో) సరిగ్గా 980 వస్తే సారు రికార్డు పక్కన పెట్టి, "నా ఎదురుగా మళ్లీ చెయ్యి నాయనా" అనేవారు. చేతులతో చేస్తే తేడాలు వస్తాయి, ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితేనే మార్కులు.

ఒకరోజు ఆయన ఒక తీగచుట్టని గాల్వనోమీటరుకి (చిన్న కరెంటుకే ముల్లు కదిలే మీటరు) కలిపి, దండాయస్కాంతాన్ని దాంట్లోకి దించారు. ముల్లు కదిలింది. అయస్కాంతాన్ని లోపలే ఆపితే ముల్లు సున్నాకి వచ్చేసింది. బయటికి లాగితే అటువైపుకి కాకుండా ఇటువైపుకి కొట్టింది. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, కదలిక ఉంటే కరెంటు ఉంది, ఆగితే లేదు. ఫారడే 1831లో చూసింది మేము ఆ పాత బల్ల దగ్గర చూశాం. ఇంజనీరింగ్ చదివే స్తోమత ఇంట్లో లేక నేను వైండింగ్ పనిలో చేరినప్పుడు, స్టేటర్లో, అంటే మోటారులో తిరగకుండా ఉండే భాగంలో, కాయిళ్లు ఎందుకు అలా పడతాయో మిగతా కుర్రాళ్లకంటే ముందే నాకు అర్థమైందంటే ఆ ఐదు నిమిషాలే కారణం. ఈరోజు నా ఇల్లు గడుస్తోంది, నా కూతుర్ని చదివించుకున్నాను అంటే ఆ సారు పుణ్యం.

ఆ మధ్యాహ్నం మా పాప నన్ను ఒక ప్రశ్న అడిగింది. "లో వోల్టేజి వస్తే మోటార్లు కాలిపోయాయని రైతులు నీ దగ్గరికి తెస్తారు కదా, ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి, మరి ఎందుకు కాలతాయి నాన్నా?" చాలా మంచి ప్రశ్న ఇది. రెండేళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో అడిగే టైం దొరకలేదంట. తిరిగే మోటారు ఉత్త నిరోధం కాదు, తిరుగుతున్నంతసేపూ మనం ఇచ్చే వోల్టేజికి ఎదురు నిలిచే వోల్టేజి దాంట్లోనే పుడుతుంది, దాన్ని పుస్తకంలో బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. వోల్టేజి తగ్గితే మోటారు లాగే బలం తగ్గిపోతుంది, కానీ బోరులోంచి ఎత్తాల్సిన నీళ్ల బరువు తగ్గదు కదా, దాంతో వేగం పడి, ఆ ఎదురు నిలిచేది బలహీనపడి, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. మాటలతో చెప్పి వదిలేయకుండా, బాగుచేసి పెట్టిన ఒక మోటారు ఆన్ చేసి వైరుకి టంగ్ టెస్టర్ (కరెంటు కొలిచే మీటరు) తగిలించి చూపించాను. ఉత్తగా తిరిగేటప్పుడు ఎంతుందో చూడమన్నాను, తర్వాత నేను పుల్లీకి చెక్క ముక్క అదిమి పట్టుకుంటే కరెంటు పెరిగింది, వదిలితే దిగింది. మూడుసార్లు చేయించుకుంది. మూడోసారి నేను అదమకముందే ఏమవుతుందో తనే చెప్పింది.

మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయినప్పుడు మోటారు ఎందుకు మాడుతుందో కూడా అప్పుడే అడిగింది. అదే లోడు మీద మిగిలిన తీగల్లో కరెంటు సుమారు 1.73 రెట్లు అవుతుంది, వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి 3 రెట్లు. తనకు కంఠతా వచ్చిన ఫార్ములాయే, కాలిపోయిన కాయిల్ ముందు కూర్చుని మొదటిసారి లెక్క వేసింది.

ప్రైవేటు కాలేజీల్నే అనడం న్యాయం కాదు, తల్లిదండ్రులుగా మా తప్పూ ఉంది. చేర్పించేటప్పుడు నేను గేటు మీద ర్యాంకుల బోర్డు చూశాను, ఫీజు ఎంతో అడిగాను, హాస్టల్లో తిండి ఎలా ఉంటుందో అడిగాను, ల్యాబ్ ఏదీ, ఒకసారి చూపించండి అని అడగలేదు. ఎంసెట్ టెన్షన్ అలాంటిది. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40, ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొన్ని సెకన్లు. దానికి షార్ట్‌కట్లు నేర్పాల్సిందే, కాదనను. కానీ శ్రీహరికోట పక్కనే ఉన్న నెల్లూరులో, రాకెట్ పైకి వెళ్తుంటే పిల్లలు హాస్టల్ కిటికీలోంచి ఒక్క క్షణం చూసి మళ్లీ బిట్లలో తల దూర్చాల్సి వచ్చిందని మా పాప చెప్తే నాకు మనసు ఒప్పలేదు. పది నిమిషాలు డాబా మీదకి తీసుకెళ్లి చూపిస్తే, వాయువుని కిందికి తన్ని రాకెట్ పైకి లేచే ద్రవ్యవేగ నిత్యత్వం పాఠం అక్కడే అయిపోయేది. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి, భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న శ్రీహరికోట నుంచి తూర్పుకి ఎగిరే రాకెట్‌కి సెకనుకి 450 మీటర్ల వేగం ముందే చేతికొస్తుంది. ఇంతకంటే మంచి ల్యాబ్ దేశంలో ఏ పిల్లలకుంది?

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. ల్యాబ్ పీరియడ్ ఫస్టియర్ నుంచే టైంటేబుల్లో ఉండాలి, ఉన్నట్టు రాసుకోవడం కాదు, పిల్లలు లోపలికి వెళ్లాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కో పిల్లకి ఒక్కో మందం ఉన్న వైరు ముక్క ఇచ్చి ఎగ్జామినర్ ఎదురుగా రీడింగ్ తీయించండి, అప్పుడు సీనియర్ల రికార్డు ఎవరికీ అక్కరకు రాదు. కటకంతో కాగితం మీద ప్రతిబింబం పట్టించండి, నిరోధం కొలిచే మీటరు బ్రిడ్జి మీద సున్నా ఎక్కడ వస్తుందో వాళ్లనే వెతకనివ్వండి. ప్రభుత్వ కాలేజీల్లో పాడైన గాల్వనోమీటర్ల జాగాలో కొత్తవి ఇవ్వండి, ల్యాబ్ చూసుకునే మనిషిని పెట్టండి. పిల్లల్ని నెలకోసారైనా బయటికి తీసుకెళ్లండి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్లో వేడి గాలి కింది నుంచి పైకి ఎలా తిరుగుతుందో చూస్తే ఉష్ణ సంవహనం జన్మలో మర్చిపోరు. గట్టు మీద పెట్టిన మోటారు 10 మీటర్ల లోతు దాటితే నీళ్లు ఎందుకు లాగలేదో, మా తాతల కాలం రైతులు మోటార్లని బావుల్లోకి ఎందుకు దించుకున్నారో ఏ పల్లెలో పెద్దాయన్ని అడిగినా చూపిస్తాడు, వాతావరణ పీడనం పాఠం అదే.

నా వంతు నేను చేస్తాను. మా షాపులో కాలిపోయిన స్టేటర్లు, పాత రోటార్లు, రకరకాల గేజుల వైరు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి, పాత ఇనుము కింద అమ్మేస్తుంటాను. సింగరాయకొండ చుట్టుపక్కల ఏ జూనియర్ కాలేజీ అయినా, ప్రభుత్వానిది గానీ ప్రైవేటుది గానీ, అడిగితే ఊరికే ఇస్తాను. ఆదివారం పిల్లల్ని పదేసి మందిని షాపుకి పంపితే మోటారు విప్పి చూపిస్తాను, వాళ్ల చేతే ఒక చిన్న కాయిల్ చుట్టిస్తాను. నన్నే కాలేజీకి రమ్మన్నా సామాను ఆటోలో వేసుకుని వస్తాను. ఒంగోలు, కావలి, నెల్లూరు వైండింగ్ షాపుల వాళ్లలో కూడా కాదనేవాళ్లు ఉండరని నా నమ్మకం, ఈ ఉత్తరం చూస్తే వాళ్లు కూడా ముందుకు రావాలని కోరుతున్నాను.

ఆ ఏరేటర్ మోటారుకి కొత్త వైరు గేజి తేల్చింది చివరికి మా పాపే. మూడు చోట్ల కొలిచింది, 0.72, 0.71, 0.71 వచ్చాయి. 22 గేజి వైరు చుట్టి మర్నాడు సాయంత్రానికి పంపించాం.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా.