సాయంత్రం బడి గేటు తెరవాలి

సంపాదకుల వారికి,

ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు అండగా నిలుస్తున్నదనీ, 2018లోనూ 2023లోనూ పురుషుల ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చిందనీ, రూర్కెలాలో దాదాపు 20 వేల మంది కూర్చునే స్టేడియం కట్టిందనీ చదివినప్పుడల్లా ఈ రాష్ట్రవాసులుగా మాకు సంతోషమే. అదే రాష్ట్రంలో ఆంధ్ర సరిహద్దునున్న మా పర్లాకిమిడిలో మాత్రం, సాయంత్రం బంతి పట్టుకుని బయటికి వచ్చిన పిల్లవాడికి ఆడుకునే చోటు కరవు.

స్థలం లేక కాదు. మా వీధి చివరి బడికి విశాలమైన ఆవరణ ఉంది, కానీ బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. ప్రహరీ మీద గాజుపెంకులు నాటించారు. గదులు కట్టగా మిగిలిన కంకర గుట్ట మైదానం నడుమనే ఉండిపోయి, దాని మీద ఇప్పుడు పిచ్చిమొక్కలు మొలిచాయి. పిల్లలేమో గోడ బయట సిమెంటు రోడ్డు మీద, ఆటోలకు దారి ఇచ్చుకుంటూ క్రికెట్ ఆడుతున్నారు. బంతి గోడ దాటితే ఆ పూటకు ఆట ముగిసినట్టే. ఆడపిల్లలకు ఆ రోడ్డు కూడా దక్కడం లేదు. తొక్కుడుబిళ్ళ ఆడే మన పిల్లలైనా, కుమార పూర్ణిమ పండుగకు పుచి అనే ఆట ఆడే ఒడియా పిల్లలైనా ఇంటి అరుగు దాటి రాలేకపోతున్నారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ అవసరమైన ఆట సామగ్రి ఇవ్వాలని షెడ్యూలులోనే చెప్పింది. అయితే ఆటస్థలం ఎంత ఉండాలో చెప్పకపోవడంతో, జెండా స్తంభం చుట్టూ మిగిలిన జాగా కూడా కాగితాల మీద మైదానమై కూర్చుంటున్నది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఆపై తరగతుల పాఠశాలకు 25,000 రూపాయల వరకు క్రీడా సామగ్రికి నిధులున్నాయి. కొన్న ఫుట్‌బాల్ గాలి పోయి బీరువాలో పడి ఉంటే ఆ ఖర్చు ఎవరి కోసమో అధికారులే చెప్పాలి.

అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) ముప్పు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎండాకాలం ఒంటిపూట బడులు నడిచే మన ప్రాంతంలో, ఎండ చల్లబడ్డాక వచ్చే ఆ రెండు గంటలే పిల్లలకు అసలైన ఆట సమయం. సరిగ్గా అప్పుడే గేటు మూసి ఉంటున్నది.

ప్రధానోపాధ్యాయుల భయం అకారణమని నేను అనను. కిటికీ అద్దం పగిలినా, కుళాయి విరిగినా, పిల్లవాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నా సంజాయిషీ చెప్పుకోవలసింది వారే. అందుకే తరగతి గదులకు తాళం వేసి, మైదానాన్ని మాత్రం చీకటి పడేదాకా తెరిచి ఉంచాలి. ఆ బాధ్యతను బడి యాజమాన్య కమిటీ తీసుకోవచ్చు. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కదా. కాపలా మనిషికి ఇచ్చే కొద్దిపాటి జీతం పురపాలక సంఘానికి భారం కాబోదు. వారంలో కొన్ని సాయంత్రాలు ఆడపిల్లలకే కేటాయిస్తే, తల్లులు కూడా ధైర్యంగా పంపుతారు.

గజపతి జిల్లా విద్యాశాఖ ముందుగా చేయవలసింది ఒక్కటే: బడి వేళల తరువాత జరిగే నష్టానికి ఎవరు బాధ్యులో తేల్చిచెబుతూ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వడం. అది చేతికి రానంతవరకు, ఎంత మంచి ప్రధానోపాధ్యాయుడైనా తాళంచెవి బయటికి ఇవ్వడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా