ఒరేయ్, మీవాడు ఐదో క్లాసుకి వచ్చాడన్నావు కదా

ఒరేయ్ ఎలా ఉన్నావు, మొన్న ఫోన్లో మీవాడు ఐదుకి వచ్చాడు, ట్యూషన్ పెట్టించాలా, ఏం చదివించాలి అనడిగావు, నేనేమో బస్సులో ఉండి ఏదో చెప్పి పెట్టేశా. ఇవాళ తీరిగ్గా కూర్చున్నా, పొడుగైనా మొత్తం చదువు. ఇన్నేళ్ళుగా ఐదో తరగతికి చెప్తున్నా కాబట్టి ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పగలను, ఐదులో పునాది పడకపోతే ఆ తర్వాత చాలా కష్టం.

పైకి చూస్తే ఐదులో తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, నాలుగే సబ్జెక్టులు. కానీ మన బళ్ళలో ఆరులోకి అడుగు పెట్టగానే హిందీ వస్తుంది, పరిసరాల విజ్ఞానం సైన్సు, సోషల్ అని రెండుగా చీలిపోద్ది, పీరియడ్ పీరియడ్‌కీ టీచర్ మారతారు. నా దగ్గర పిల్లలు పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటారు, ఎవడికి ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసుద్ది, హైస్కూల్లో లెక్కల సారుకి ఉండేది ఆ ఒక్క పీరియడ్, పాఠం ముందుకి తొయ్యాలా, వెనక్కెళ్ళి భాగహారం నేర్పాలా? అందుకే ఐదులో రానిది చాలామందికి పదో తరగతి దాకా రాకుండానే ఉండిపోతుంది, అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోద్ది రా.

భాగహారమే తీసుకో. 618ని 6తో భాగించమంటే చాలామంది 13 అని రాసేస్తారు. ఆరులో ఆరు ఒకసారి, ఒకట్లో ఆరు పోదు, ఎనిమిది దింపి పద్దెనిమిదిలో మూడుసార్లు, అయిపోయింది. మధ్యలో సున్నా మర్చిపోయారు అనుకుంటాం గానీ అది మరుపు కాదు, స్థాన విలువ ఎక్కలేదు. అందుకని కాగితాలతో ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, ఎనిమిది రూపాయి బిళ్ళలు చేసిచ్చి ఆరుగురికి పంచమంటా. తలా ఒక వంద ఇచ్చేస్తారు, పది నోటు దగ్గరకొచ్చేసరికి దాన్ని పట్టుకుని నా మొహం చూస్తారు. చిల్లర మార్చాలి సార్ అని ఎవరో ఒకరు అంటారు, మారిస్తే మొత్తం పద్దెనిమిది బిళ్ళలు, తలా మూడు, ఒక్కొక్కరికి 103. పది నోటు ఎవరికీ రాలేదు కాబట్టి అక్కడ సున్నా అని ఆ పిల్లలే చెప్తారు చూడు, ఆ రోజు నాకు అన్నం కూడా సయించదు సంతోషంతో.

భిన్నాలూ అంతే, 1/2కి 1/3 కలిపితే 2/5 అంటారు, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుద్దా అని అడిగితే ఆగి ఆలోచిస్తారు, ఆ తర్వాతే కసాగు ఎందుకో చెప్పాలి. ముందే కసాగు, గసాభా బట్టీ పట్టిస్తే ఏది ఎప్పుడు వాడాలో తెలీదు. దశాంశాల్లో 0.5 కన్నా 0.25 పెద్దది అంటారు, ఇరవై ఐదు ఐదు కన్నా పెద్దది కదా మరి! మన చిన్నప్పుడు పావలా, అర్ధరూపాయి ఉండేవి, పావలా బిళ్ళ 2011లోనే ఆగిపోయింది, ఈ పిల్లలు చూడనే లేదు. అందుకే టేపు పెట్టి అర మీటరు, పావు మీటరు కొలిపిస్తా.

పరిసరాల విజ్ఞానంలో నాకిష్టమైంది నీళ్ళ పాఠం. మా ఊరి చెరువుకి నీళ్ళు ఎక్కణ్ణించి అంటే సాగర్ కాలవ అంటారు, సాగర్‌కి? శ్రీశైలం నుంచి, దానికి పైన జూరాల, ఆలమట్టి, అలా వెనక్కి వెనక్కి మహాబలేశ్వరం దాకా పిల్లలు నేల మీద సుద్దతో గీసుకుంటూ పోతారు, వరండా చాలదు.

చదవడం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. దేశంలో పల్లెటూళ్ళ ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం గడగడా చదవలేరని, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ఏసర్ సర్వేలు ఏళ్ళ తరబడి చెప్తున్నాయి. మీవాడు చదువుతాడు, నాకు తెలుసు, కానీ చదివింది సొంత మాటల్లో చెప్పగలడా అది చూడు. ఒత్తులూ గుణింతాలూ తప్పు లేకుండా ఉత్తరం రాయగలడా చూడు.

నవోదయ అన్నావు కదా, ఆ కేంద్ర ప్రభుత్వ హాస్టలు బళ్ళో ఆరులో చేరాలంటే ప్రవేశ పరీక్ష ఐదు చదువుతుండగానే రాయాలి, రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 40 ప్రశ్నలు బొమ్మల మీదే. రాయించు, తప్పులేదు. కానీ ఒక్కో బడిలో సీట్లు 80కి మించవు, దానికోసం ఏడాదంతా బొమ్మలే చేయించి భాగహారం వదిలేస్తే మాత్రం నేనొప్పుకోను.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఈ ఆదివారం వాడికి 618 బై 6 ఇవ్వు, పక్కన నిలబడకు, పేపర్లో ఏదో ఒక చిన్న వార్త చదివించి ఏమైందో చెప్పమను. తర్వాత ఫోన్ చెయ్యి, నీకు కాదు, వాడికే ఇవ్వు, నేను మాట్లాడతా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.