ఆ సాయంత్రం రంపం తెచ్చిచ్చిన పెందుర్తి అన్నకు, మిగతా అందరికీ

అందరికీ నమస్కారం. నేను విశాఖలో చెట్లపని చేసేవాణ్ణి. కొమ్మలు తీయడం, గాలికి పడినవాటిని తొలగించడం, ఇళ్ళమీదికి వాలిన చెట్లను ముక్కలు ముక్కలుగా దించడం మా పని. మేం నలుగురం: నేను, పైకి ఎక్కే నా బామ్మర్ది, కింద తాళ్ళు పట్టే ఇద్దరు తమ్ముళ్ళు. మొంథా తుపాను వెళ్ళిన నాలుగో రోజు మాకు పెద్ద గండం వచ్చింది. దాంట్లోంచి మమ్మల్ని బయటపడేసిన వాళ్ళెవరికీ ఆ రోజు సరిగ్గా దండం కూడా పెట్టలేకపోయాను. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు కాబట్టి పేర్లు లేకుండా రాస్తున్నాను. చదివితే ఎవరికి వాళ్ళకు తెలిసిపోతుంది.

గోపాలపట్నం దగ్గర ఒక సందు. అందులో రిటైరైన టీచరమ్మగారి ఇల్లు. ఇంటి పక్కన పాత నిద్రగన్నేరు చెట్టు, ఇద్దరు చేతులు కలిపినా అందని మొదలు. వానకి నేల నాని, ఒక పక్క వేళ్ళు పైకి లేచి, చెట్టు మొత్తం రేకుల కప్పు మీదికి ఒరిగింది. క్రేను రావడానికి సందులో చోటు లేదు. కార్పొరేషన్ నుంచి కాగితం తెచ్చుకుని ఉదయం 10కి పని మొదలుపెట్టాం. (చాలామంది ఇది అడగరు కాబట్టి చెబుతున్నా: మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది, మన పెరట్లో చెట్టైనా సరే చాలావరకు అనుమతి లేకుండా నరకకూడదు.) ఆ చెట్టు ఒరగడానికి తుపాను ఒక్కటే కారణం కాదు. మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా సిమెంటు పోసేశారు. ఒకవైపు కేబుల్ కోసం తవ్వి లావుపాటి వేళ్ళు రెండు తెగ్గొట్టారు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్ళో కూలిన చెట్ల మొదళ్ళ దగ్గర ఇలాంటివి ఎన్ని చూశానో. నేను ఈ పని నేర్చుకున్నదే ఆ రోజుల్లో. మా నాన్నది కల్లుగీత, నడుముకు మోకు కట్టుకుని ఎక్కడం ఆయన దగ్గరే వచ్చింది. మిషన్ (పెట్రోలుతో నడిచే చైను రంపం) పట్టడం మాత్రం హుద్‌హుద్ నేర్పింది.

సాయంత్రం నాలుగు దాటింది. మూడు పెద్ద కొమ్మలు దించేశాం. నాలుగోది మనిషి నడుమంత లావు, కరెంటు తీగల మీదుగా పోతోంది. బామ్మర్ది 30 అడుగుల ఎత్తులో పంగలో కూర్చుని, కొమ్మకు కింద గాటు పెట్టి, పైనుంచి కోత మొదలుపెట్టాడు. సగం దిగిందో లేదో, మిషన్ అరుపు ఒక్కసారిగా పైకి లేచి టక్కున ఆగిపోయింది. స్టార్టు చేసే తాడు లాగితే కదల్లేదు. బిగుసుకుపోయింది. రెండో మిషన్ ముందురోజే దుకాణంలో ఇచ్చాం, సామాను రాలేదన్నారు. చేతి రంపం పైకి పంపాం. ఇరవై నిమిషాలు కోసినా రెండు అంగుళాలు కూడా దిగలేదు. గాలి వేసినప్పుడల్లా ఆ గాటు కిర్రుకిర్రుమంటోంది. వాడు దిగాలంటే ఆ సగం తెగిన కొమ్మ కిందనుంచే దిగాలి. కొమ్మకు కట్టిన తాడును పక్కింటి కొబ్బరిచెట్టుకు మూడు చుట్లు వేసి తమ్ముళ్ళిద్దరూ పట్టుకున్నారు. ఆ చుట్ల రాపిడే బరువును ఆపుతోంది. కానీ కొమ్మ చీలి ఒక్కసారిగా ఊగితే ఏ తాడు ఏం ఆపుతుంది?

అప్పుడు పెందుర్తి అన్నకు ఫోన్ చేశాను. ఆయనా ఇదే పని చేస్తాడు. మూడేళ్ళ కిందట ఒక అపార్ట్‌మెంటు పని విషయంలో మాటామాటా వచ్చి, అప్పట్నుంచి ఎదురుపడినా తల తిప్పుకుని పోయేవాళ్ళం. నేను "అన్నా, మావాడు పైన ఇరుక్కుపోయాడు" అన్నాను, అంతే. "ఏ సందు?" అన్నాడు. పదిహేను నిమిషాల్లో బండి మీద వచ్చాడు, ముందు గోనెసంచిలో మిషన్, వెనక ఆయన కొడుకు పెట్రోలు డబ్బా పట్టుకుని. తన పని సగంలో ఆపి వచ్చాడని తర్వాత తెలిసింది. మిషన్ కింద స్టార్టు చేసి, అరనిమిషం తిప్పి చూసి, ఆపి, తాడుకు తనే కట్టి పైకి పంపాడు. వేరేవాళ్ళయితే నా మిషన్ నేనే పడతా అంటారు. ఆయన "చెట్టు మీద ఉన్నవాడికే తెలుస్తుంది, వాడికే ఇవ్వు" అన్నాడు. అన్నా, మూడేళ్ళు నీతో మాట్లాడకుండా ఉన్నందుకు నన్ను క్షమించు.

ఆ కోత పూర్తి చేస్తుంటే చైను ఏదో ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేచాయి. ఎప్పుడో ఎవరో కొట్టిన మేకు, చెట్టు దాన్ని లోపలికి మింగేసింది. పైకి కనబడదు. చెట్లకు మేకులు కొట్టేవాళ్ళకు చేతులెత్తి మొక్కుతున్నా, ఏదైనా ఉంటే తాడుతో కట్టుకోండి, మేకు మాత్రం దింపకండి. చైను తెగి మొహం మీదికి వస్తే పైనున్న మనిషి ఎటు తప్పుకుంటాడు? ఆ రోజు దేవుడి దయవల్ల తెగలేదు. కొమ్మ తాడు మీద వేలాడుతూ నెమ్మదిగా కిందికి వచ్చింది. ఒక్క రేకు కూడా పగల్లేదు.

లైన్‌మన్ గారికి నా నమస్కారం. తుపాను వారంలో ఆయనకు నిద్ర ఎక్కడిది? కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. అయినా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి, పొరపాటున కూడా ఎవరూ పెట్టకుండా వాటిని తన చొక్కా జేబులోనే వేసుకున్నారు. జనరేటరున్న రెండిళ్ళకూ వెళ్ళి దగ్గరుండి ఆపించారు. లైను ఆపినా, ఎవరో జనరేటరు వేస్తే అటునుంచి తీగల్లోకి కరెంటు ఎక్కొచ్చట, నాకిది ఆ రోజే తెలిసింది. పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.

టీచరమ్మగారూ, మీ అత్తగారిని నవారు మంచంతో సహా పక్కింట్లోకి చేర్చిన సందు కుర్రాళ్ళకు, అల్లం టీ పెట్టి మా తాళ్ళ దగ్గరికే తెచ్చిచ్చిన మీకు కృతజ్ఞతలు. బామ్మర్ది కిందికి దిగాక మీరు వాడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశారు. ఇంటికెళ్ళి అదే చెప్పుకున్నాడు.

ఇంక మేస్త్రిగారి గురించి. ఈయన గురించే అందరికీ ముఖ్యంగా చెప్పాలనిపించింది.

మర్నాడు ఆ బిగుసుకుపోయిన మిషన్ పట్టుకుని ఒక దుకాణానికి వెళ్తే, విప్పకుండానే "నువ్వు ఆయిల్ తక్కువ కలిపావు, బోరు పోయింది, కొత్తది కొనుక్కో" అన్నారు. బోరంటే ఇంజనులో పిస్టన్ ఆడే గొట్టం. నా కాళ్ళకింద నేల కదిలిపోయింది. కొలతసీసాతో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ నేనే కలుపుతాను, ఎవరికీ అప్పగించను. అప్పుడు మా తమ్ముడొకడు ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు మోటార్లు బాగుచేసే మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. మిషన్ ఇస్తే ముందు సైలెన్సర్ రెండు బోల్టులు తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, "ఇలా రా నాయనా, చూడు" అన్నారు. పిస్టన్ మీద పైనుంచి కిందికి గోళ్ళతో గీరినట్టు గీతలు. "వారం రోజులుగా మిషన్‌కి ఏమయింది చెప్పు" అన్నారు. యాక్సిలేటరు వదిలినా వేగం దిగట్లేదని, చైను తిరుగుతూనే ఉంటోందని, స్క్రూ తిప్పి సరిచేశానని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కార్బురేటర్ విప్పి, ఇంజనుకూ దానికీ మధ్య ఉండే రబ్బరు గొట్టం తీసి, రెండు వేళ్ళతో వంచి చూపించారు. మడతలో సన్నటి చీలిక. వంచితేనే కనబడుతుంది. అక్కడినుంచి గాలి ఎక్కువగా లోపలికి పోతోంది, గాలి పెరిగినకొద్దీ పెట్రోలూ దాంతో వచ్చే ఆయిలూ పలచబడతాయి, ఇంజను వేడెక్కి పిస్టన్ కరిగి గోడకు అంటుకుంటుంది. మిషన్ నాకు వారం ముందునుంచీ చెబుతూనే ఉంది. నేనే స్క్రూ తిప్పి దాని నోరు మూయించాను.

బోరు పోయిందన్నారు కదా అంటే, ఆయన నవ్వి, బాత్రూములు కడిగే యాసిడ్ సీసా తీశారు. చేతులకు తొడుగులు వేసుకుని, పుల్లకు దూది చుట్టి, ఒక్కో చుక్కే ముంచి బోరు గోడ మీద ఆ గీతలకు మాత్రమే రాశారు. అంటుకున్న అల్యూమినియం మీద బుసబుసమని నురగ లేచింది. తుడవడం, మళ్ళీ రాయడం. నాలుగోసారికి నురగ రాలేదు. "ఇంక అల్యూమినియం లేదు, కింద పూత బాగానే ఉంది" అన్నారు. నీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాసి, నా వేలు పట్టుకుని లోపల తిప్పించారు. అద్దంలా ఉంది. బోరు మార్చక్కర్లేదు, పిస్టన్, రింగులు, ఆ రబ్బరు గొట్టం మారిస్తే చాలన్నారు. సామాను ఖరీదు కాక కూలికి 300 తీసుకున్నారు. ఇంకో నోటు జేబులో పెట్టబోతే చెయ్యి తోసేశారు.

వచ్చేముందు ఆయన చెప్పినవి నాలాంటి కుర్రాళ్ళ కోసం రాస్తున్నా. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది చెమ్మను పీల్చుకుంటుంది, కాబట్టి కలిపిన పెట్రోలు నెలకు మించి ఉంచకండి. మిషన్ పక్కన పెట్టేరోజు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. యాక్సిలేటరు వదిలాక చైను ఆగకపోతే ఆ రోజుకి పని ఆపేయండి. కోతలో రంపపు పొట్టు పిండిలా పడుతుంటే చైను మొద్దుబారినట్టు, ఆకురాయి తీయండి. పెచ్చులు పడుతుంటే పదును ఉన్నట్టు. ఇది నాకూ తెలుసు, కానీ పని తొందరలో ఎన్నిసార్లు మొద్దు చైనుతోనే నెట్టుకొచ్చానో.

ఒక్కమాట చెట్ల యజమానులకూ. టీచరమ్మగారి సందులో ఇద్దరు వచ్చి, "మా చెట్టు కూడా భయంగా ఉంది, తల మొత్తం నరికెయ్యండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు, కోపం వచ్చినట్టుంది వాళ్ళకు. తల నరికిన చోట గుత్తులుగా కొత్త కొమ్మలొస్తాయి, అవి పైపైనే అతుక్కుని ఉంటాయి, నాలుగైదేళ్ళకు లావై పెద్దగాలికి అవే ముందు విరుగుతాయి. ఎండిన కొమ్మలు, ఇంటిమీదికి బరువు వేసేవి చూసి తీయించుకోండి. అవి కూడా కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటు వదిలి తీయాలి, అక్కడినుంచే చెట్టు గాయం మూసుకుంటుంది. ఆ ఇద్దరిళ్ళకూ వచ్చేవారం వస్తాను, డబ్బుల గురించి తర్వాత చూసుకుందాం.

పెందుర్తి అన్నా, నీ మిషన్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ మేకుకు నీ చైను పళ్ళు మూడు విరిగాయి, ఆకురాయికి లొంగవు. కొత్త చైను వేయించాను, పాతది కూడా సంచిలో పెట్టాను, చూసుకో. చైను తిరిగే బార్ గాడి శుభ్రం చేశాను. రేపు ఆదివారం, నువ్వు పనికి వెళ్ళేలోపే తెస్తాను. బామ్మర్ది కూడా వస్తానంటున్నాడు.