డబ్బు చూపించాకే కూల్చనివ్వాలి

సంపాదకులు గారికి,

మన పట్టణాల నడిబొడ్డున పాత మార్కెట్లు కూల్చి పెద్ద కాంప్లెక్సులు కట్టాలన్న మాట విన్నప్పుడల్లా నాకు బోస్టన్‌లో ఏళ్ల తరబడి చూసిన గొయ్యి గుర్తొస్తుంది.

ఉద్యోగరీత్యా 2006లో ఇక్కడికి వచ్చాను. రోజూ డౌన్‌టౌన్ క్రాసింగ్‌లో రైలు దిగి ఆఫీసుకు నడిచేవాణ్ణి. మన కోఠిలా అదీ ఊరంతా కొనుగోళ్లకు వచ్చే చోటు. అక్కడ ఫైలీన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది, 1912 నాటి భవనం. ఆ దుకాణం మూతపడినా, కింద సెల్లార్‌లోని ఫైలీన్స్ బేస్‌మెంట్ అనే చవక కొట్టు అప్పటికింకా నడుస్తుండేది. అక్కడ సరుకు మీద తేదీ వేసేవారు. రోజులు గడిచేకొద్దీ ధర తగ్గేది, చివరికీ అమ్ముడుపోనిది దానధర్మాలకు వెళ్లేది. నా మొదటి చలికాలం కోటు అక్కడ కొన్నదే. చేతిలో పెద్దగా డబ్బు లేని రోజుల్లో ఆ కొట్టు ఎంత ఆదుకుందో చెప్పలేను.

కొత్త ప్రాజెక్టు కోసమని 2007లో దాన్నీ మూసేశారు, పని పూర్తయ్యాక మళ్లీ తెరుస్తామన్నారు. సుమారు 70 కోట్ల డాలర్లతో 39 అంతస్తుల టవర్ కట్టాలన్నది ప్రణాళిక. చారిత్రక భవనాన్ని ఉంచి పక్కవి పడగొట్టారు. ఇంతలో 2008 ఆర్థిక సంక్షోభం వచ్చి, అప్పు పుట్టక పని ఆగిపోయింది. ఊరి మధ్యలో గొయ్యి, చుట్టూ కంచె మిగిలాయి. మేయర్ థామస్ మెనీనో బహిరంగంగానే మండిపడ్డారు. అయినా 2013 దాకా కదలిక లేదు. చేతులు మారాక, 2016లో అక్కడ 60 అంతస్తుల మిలీనియం టవర్ తెరిచారు. మా బేస్‌మెంట్ మాత్రం ఇక రాలేదు, 2011 చివర్లో ఆ సంస్థే మూతపడింది.

మాంద్యం రావడం ఎవరి తప్పూ కాదు. కానీ నిర్మాణానికి డబ్బు పూర్తిగా సమకూరకముందే ఉన్నదాన్ని కూల్చనివ్వడం తప్పే. కట్టకపోతే నష్టపోయేది బిల్డరొక్కడే కాదు. పక్క వీధి టీకొట్టు, ఫుట్‌పాత్ మీద పూలమ్మే ఆమె, రిపేరు షాపు కుర్రాడు, అందరికీ బేరం పోతుంది. వాళ్లకు ఐదేళ్లు ఆగే శక్తి ఎక్కడిది?

అందుకే మన మున్సిపాలిటీలకు నా విన్నపం: బ్యాంకు రుణం ఖాయమైనట్టు కాగితం చూసి, కొంత సొమ్ము డిపాజిట్‌గా కట్టించుకున్నాకే కూల్చివేతకు అనుమతి ఇవ్వండి. పని ఆగితే ఆ సొమ్ముతో గొయ్యి పూడ్చి, స్థలాన్ని తాత్కాలిక సంతగానైనా వాడుకోనివ్వాలి. ఖాళీ చేయించే దుకాణదారులకు తిరిగి చోటిస్తామన్న హామీని గడువుతో సహా రాసివ్వాలి. నోటిమాట చాలదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
బోస్టన్