చిట్టికి, సైటేషన్ల లెక్క గురించి

తిరుపతి,
బైరాగిపట్టెడ

చిట్టీ,

ప్రమోషన్ కమిటీ సైటేషన్లు (నీ పేపర్లను వేరే పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క) అడిగిందని, నీకు అంతంతమాత్రంగా ఉన్నాయని టెన్షన్ పడుతున్నావు. ఫోన్‌లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకే రాస్తున్నాను. ఉద్యోగమంతా మెడికల్ కాలేజీ లైబ్రరీలో గడిపినదాన్ని. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ముందు ఉన్న లెక్క సరిచేసుకో. నీ పేపర్లన్నీ కంప్యూటర్‌లో వెతికితే, పేపర్లనూ వాటి సైటేషన్లనూ లెక్కగట్టే స్కోపస్ డేటాబేసులో నువ్వు ఇద్దరు మనుషులుగా కనిపించావు! మన ఇంటిపేరు ఇనిషియల్‌తో ఒకరు, పెళ్లయ్యాక అల్లుడిగారి ఇంటిపేరుతో ఇంకొకరు. మొదటామె హెచ్-ఇండెక్స్ 5, రెండోఆమెది 3. కలిపి చూస్తే 7 వచ్చింది. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక రాసే మన అలవాటు ఆ డేటాబేసులకు అంతుపట్టదు. రెండు ప్రొఫైళ్లనూ కలపమని వాళ్లనే ఆన్‌లైన్‌లో అడగొచ్చు, పైసా ఖర్చు లేదు. పరిశోధకులకు ఆధార్ లాంటి 16 అంకెల ఆర్కిడ్ నంబర్ కూడా తీసుకో. ఇక నుంచి ప్రతి పేపర్‌కీ ఒకటే పేరు, ఒకటే నంబర్. మీ అత్తగారు ఏమన్నా సరే.

అన్నాల దగ్గర మీ నాయన ఆ హెచ్-ఇండెక్స్ ఏమిటని అడిగాడు. 7 అంటే కనీసం ఏడేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు ఏడు ఉన్నాయని చెప్పాను. "మరి ఒకే పేపర్ రాసి, దాన్ని వెయ్యిమంది చెప్పుకుంటే?" అన్నాడు. అప్పుడు హెచ్-ఇండెక్స్ 1 మాత్రమే అన్నాను. "ఇదేం లెక్కమ్మా!" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తన రంగంవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పిన కొలత అది. పెరగడమే గానీ తగ్గడం ఉండదు, కాబట్టి సీనియర్ల అంకెలో వాళ్ల సర్వీసు వాటా కూడా ఉంటుంది.

లైబ్రరీలో నేను చూసింది ఇంకోటి. కొత్త జర్నల్ రాగానే ఎగబడేది హౌస్ సర్జన్లు, పీజీలు. జిరాక్స్ తీసుకుని వార్డుకు పరుగెత్తేవాళ్లు. తర్వాత పీలేరులోనో మదనపల్లెలోనో ప్రాక్టీస్ పెట్టుకున్నారు. చాలామంది ఒక్క పేపర్ కూడా రాయలేదు. చదివింది మాత్రం రోగులకు పనికొచ్చింది. ఆ వాడకం సైటేషన్ లెక్కలోకి రానే రాదు. 1971లో బంగ్లాదేశ్ సరిహద్దులోని శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు గ్లూకోజ్, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి ఎన్నో ప్రాణాలు నిలిపాడు. దాని మీద ఆయన పేపర్ 1973లో వచ్చింది. ఇవాళ ఐరాలలో ఓఆర్ఎస్ ప్యాకెట్ చించే ఆశా వర్కర్ దాన్ని సైట్ చేస్తుందా? అటు చూస్తే, పన్నెండుమంది పిల్లల్ని చూసి తట్టు లాంటి జబ్బులు రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ పేపర్ ఉంది. 2010లో దాన్ని అచ్చేసిన లాన్సెట్ జర్నలే వెనక్కి తీసుకుంది. అది తప్పని చెప్పడానికి ఉదహరించినవాళ్లూ దాని సైటేషన్లను పెంచినట్టే.

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతే చూడు. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశాడు, వందేళ్లయినా ఆ పేపర్‌ను ఉదహరిస్తూనే ఉన్నారు. హార్వర్డ్ మాత్రం ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. కమిటీలు అప్పుడూ ఇంతే.

ఇక అసలు సంగతి. పల్లెల్లో తిరిగి రక్తహీనత మీద చేసిన సర్వేను మూడు పేపర్లుగా కోసి, ఒకదాంట్లో ఇంకోదాన్ని ఉదహరించుకోమని మీ సీనియర్ చెప్పాడన్నావు. చెయ్యొద్దు. తిండి ఒక జర్నల్‌లో, వయసు ఇంకోదాంట్లో, ఐరన్ మాత్రలు వేరేదాంట్లో పడితే పీహెచ్‌సీ డాక్టర్‌కు ఒక ముక్క దొరుకుతుంది, రెండు దొరకవు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి. రేపెవరైనా అన్ని సర్వేలనూ కూడి మెటా-అనాలిసిస్ చేస్తే, అదే ఆడవాళ్లను మూడుసార్లు లెక్కపెట్టే ప్రమాదముంది. సొంత సైటేషన్ల ఆశ కూడా వదులుకో. స్కోపస్‌లో వాటిని తీసేసి చూడటం క్షణంలో పని, కమిటీలో ఒక్కరికి తెలిసినా చాలు.

ఇంకా మీ సీనియర్ పేపర్ రాసినవాళ్లలో తన పేరు కూడా పెట్టమన్నాడు కదా. సర్వేకు రాలేదు, డేటా చూడలేదు అని నువ్వే రాశావు. మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ, ఐసీఎంజేఈ, నియమాల ప్రకారం పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పే బాధ్యత ఉండాలి. ఏదో సలహా ఇచ్చాడు కాబట్టి కృతజ్ఞతల్లో పెట్టు. కోపం వస్తే ఆ నియమాల ప్రింట్ తీసి చూపించు, నీ నోటితో చెప్పే పని ఉండదు.

ఒకే పేపర్‌గా రాసి డ్రాఫ్ట్ నాకు పంపు. నీ స్టాటిస్టిక్స్ నాకు అర్థం కాదు గానీ రిఫరెన్సుల్లో సంవత్సరం, వాల్యూమ్, పేజీ నంబర్ల తప్పులు నా కంటపడక తప్పవు. కమిటీ ఎప్పుడో నువ్వు రాయలేదు. ప్రొఫైళ్లు కలవడానికి కొన్నాళ్లు పట్టొచ్చు, అందుకని ఆ రిక్వెస్ట్ ఈరోజే పెట్టు.

అమ్మ